మిద్దె మీదికెక్కిన నాలుగు పెట్టెలు

మా ఆయనకు చూపు పోయి మూడేళ్లయింది. డాక్టరు నీటికాసులు అని పేరు పెట్టేసరికే ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానిలో పావు వంతు మిగిలింది. ఆ పావు కూడా ఏడాది తిరక్కుండా పోయింది.

ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసేవాడు. బస్సు గేటు దాటి లోపలికి వస్తుండగానే, బానెట్ ఎత్తకముందే, దాని జబ్బేమిటో చెప్పేవాడు. ఆ చెవి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. ఫ్యాను తిరిగినా, మిక్సీ ఆడినా, పక్కింటి గేటు మూసుకున్నా ఏదో ఒక వంక. చెవి ఒక్కటే అయితే సర్దుకునేదాన్ని, నోరూ ముక్కూ కళ్లూ కూడా దానికి సాయం వచ్చేవి. పులుసులో ఉప్పు, నా కొత్త చీర రంగు, నేను బీరువా తాళం పెట్టే చోటు, ఏదీ నచ్చేది కాదు. మేనత్త కొడుకు కాబట్టి ఆ నస నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. నాకూ ముక్కు మీదే కోపం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు వెనకాల నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఇద్దరం రోజుకు రెండుసార్లయినా గొడవ పడేవాళ్లం. మా కాపురం ముప్పై ఏళ్లు అలా హాయిగా నడిచింది.

చూపు పోయాక ఆయన మంచివాడైపోయాడు. నా కష్టమల్లా అదే.

ఏం పెట్టినా "బాగుండాది" అనేవాడు. ఏం తొడిగినా బాగుండాది. కుర్చీ ఎక్కడ వేసినా బాగుండాది. ఒకరోజు కావాలనే ఉప్పు వేయకుండా పులుసు కాచి వడ్డించాను. కంచం ఊడ్చి తిని, "శానా బాగుండాది మే" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఒకరి చేతి మీద బతికే మనిషికి వంకలు పెట్టే హక్కు లేదని ఆయన తనలో తాను తీర్మానం చేసుకున్నాడు. నాతో ఒక మాట అడగనైనా అడగలేదు. ఆ కళ్లు తిరిగి రావని నాకు తెలుసు. ఆ నోరైనా తిరిగి రావాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఇట్లాంటి మొక్కు వాళ్లెప్పుడూ విని ఉండరు.

మా ఇద్దరికీ సినిమా అంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో మైదుకూరు టాకీసులో ఆడిన ఏ సినిమానూ వదల్లేదు. సినిమా చూడడం ఒక ఎత్తయితే, ఇంటికి నడిచి వస్తూ దాని గురించి పోట్లాడుకోవడం ఇంకో ఎత్తు. తెర మీద చూపించే లారీ ఒకటి, సౌండు ఇంకో లారీది అని ఆయన రోడ్డంతా వినిపించేలా అనేవాడు. ఆ టాకీసు ఇప్పుడు కల్యాణ మండపమైంది. చూపు పోయిన తర్వాత నేను టీవీలో సినిమా పెట్టి, పక్కన కూర్చొని చెవిలో చెప్పేదాన్ని. ఇప్పుడు వాడు తలుపు తీశాడు, ఇప్పుడు ఆమె కళ్లు తుడుచుకుంది, అని. ఒకసారి సగంలో నా చెయ్యి మెల్లగా తట్టి, "నువ్వు చూడు మే, నాకు నిద్దరొస్తాంది" అని లేచిపోయాడు. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. ఆయనకు పగటినిద్ర అలవాటే లేదు. ఆ తర్వాత సినిమా మాట ఎత్తడం నేనూ మానేశాను.

కర్నూలులో ఉండే మా తమ్ముడికి హోం థియేటర్ పిచ్చి. పోయిన ఏడాది కొత్త ఫ్లాట్ తీసుకొని, సీలింగులోనే స్పీకర్లు బిగించుకున్నాడు. ఈ మధ్యే పాత సెట్టు మొత్తం కారులో వేసుకొచ్చి మా హాల్లో దించాడు. అందులో నాలుగు పెట్టెలు విచిత్రంగా ఉన్నాయి. ఒక్కోటి ఇటుక కన్నా కొంచెం పెద్దది. వాటి ముఖం ముందుకు కాకుండా ఆకాశం వైపు, ఏటవాలుగా ఉంది.

"ఇవి పైకి కొట్టేవక్కా. సౌండు పోయి సీలింగుకు తగిలి కిందికి దిగుతాది. వానొస్తే మన నెత్తిన పడినట్లే ఉంటాది. బావకు చూపుతో పనే లేదు," అన్నాడు తమ్ముడు.

ఆ చివరి మాట నాకు సూటిగా గుండెలో దిగింది. చెవిలో చెప్పే మనిషి అక్కర్లేని సినిమా. వాన ఎక్కడ కురుస్తోందో, మెట్ల మీద ఎవరు దిగుతున్నారో ఆయన చెవికే తెలిసిపోతే, నేను నోరు మూసుకొని పక్కన కూర్చోవచ్చు. సరేనని, ముందు పెద్ద స్పీకర్ల మీద రెండు, వెనక గూళ్లలో రెండు పెట్టించాను. తమ్ముడు హెలికాప్టరు వచ్చే సీను ఒకటి పెట్టాడు. హెలికాప్టరు మా బీరువాలోంచి బయల్దేరి వంటింటి గడప దగ్గర దిగింది.

తప్పు హెలికాప్టరుది కాదు, మా ఇంటిది. మాది పాతకాలపు బండల మిద్దె. లావు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆపైన నల్లబండలు. కింద పడుకొని పైకి చూస్తే కట్టెలు తప్ప చదునైన చోటు అరచేతి మేర కనిపించదు. అద్దం మీద వెలుగు పడిన కోణంతోనే తిరిగి వస్తుందని సైన్సు సారు బడికి రానిరోజు ఎన్నిసార్లు చెప్పానో. అద్దం చదునుగా ఉంటేనే కదా ఆ మాట! మా కప్పుకు తగిలిన సౌండు ఏ దూలాల మధ్యకో దూరి, దిక్కులేకుండా పోతోంది.

తమ్ముడు తల గోక్కున్నాడు. కర్నూలుకు పోయి రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "అక్కా, వాటిని పైకి కొట్టించే పనే వద్దు. తలకిందులు చేసి గోడకు పైన, కప్పుకు ఆనించి బిగించు. ముఖం ఏటవాలుగా ఉండాది గదా, అప్పుడు నేరుగా మీ కుర్చీలోకే చూస్తాది."

ఇంత తేలిక సంగతి లెక్కల టీచరుకు తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మా వీధి చివర మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. రంజాన్ నాడు మా ఇంటికి సేమియా పంపే ఇల్లు వాళ్లది. నేను అన్నా అంటాను, ఆయన నన్ను టీచరమ్మా అంటాడు. బోరు మోటారు కాలినా, పెళ్లికి మైకులు కట్టాలన్నా మా వీధికి ఆయనే. మరుసటి రోజు పొద్దున బడికి పోయే హడావుడిలో ఆయనకు పని అప్పజెప్పాను.

"ఆ నాలుగు పెట్టెలు మిద్దెకు ఎక్కించన్నా. నాలుగు మూలలా ఉండాల. ముఖాలు కిందికి చూడాల. అంతే."

"అదేం పని టీచరమ్మా, మధ్యాన్నానికి అయిపోతాది," అన్నాడు.

సాయంత్రం బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఉరుము వినిపించింది. తల ఎత్తి చూస్తే ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే వాన చప్పుడు. వీధి ఆడవాళ్లందరూ వాళ్ల వాళ్ల మిద్దెల మీద, ఎండబెట్టిన పసుపు కొమ్ములు సగం ఎత్తి, సగం అట్లాగే వదిలేసి మా ఇంటి వైపు చూస్తున్నారు.

"ఏందమ్మా ఇది, మీ మిద్దె ఒక్కదాని మీదనే వాన పడతాండాదే!" అంది ఎదురింటామె. చేట ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

మా సీమలో ఇల్లూ మిద్దే, ఇంటి కప్పూ మిద్దే, కప్పెక్కితే వచ్చే బయలూ మిద్దే. నేను కప్పు అనుకొని అన్నాను. వైండింగు అన్న బయలు అనుకొని విన్నాడు. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి గుండా వైర్లు పైకి లాగి, పిట్టగోడ నాలుగు మూలలా ఇటుకలు పేర్చి, వాటి మీద నాలుగు పెట్టెలూ నేను చెప్పినట్లే ముఖాలు కిందికి చేసి కూర్చోబెట్టాడు. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లు కూడా తొడిగాడు. పనిలో ఒక్క లోపం లేదు.

లోపలికి పోతే మా ఆయన హాలు మధ్యలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. టీవీలో మాటలూ పాటలూ ఇంట్లో వస్తున్నాయి. ఉరుములూ వానా ఊరికి పోతున్నాయి.

"ఎట్లుండాది బావా?" అని అడిగాను.

"బాగుండాది," అన్నాడు.

అదే పాత రోజుల్లో అయితే, మొదటి పెట్టె గవాచి దాటకముందే ఇల్లు ఎగిరిపోయేలా అరిచి ఉండేవాడు. పెట్టెలు పైకి పోయిన సంగతి ఆయనకు తెలుసు, నిచ్చెన చప్పుడు విన్నాడు. అయినా నోరెత్తలేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దాన్నంతా తీసుకుపోయి, బయట నిచ్చెన సర్దుకుంటున్న వైండింగు అన్న మీద కుమ్మరించాను.

"ఎవురైనా హోం థియేటరు తీసుకుపోయి మిద్దె మీద పెడతారా అన్నా!"

ఆయన మొహం చిన్నబోయింది. "నువ్వే గదా టీచరమ్మా, మిద్దెకు ఎక్కించు అంటివి. పెండ్లిండ్లకు మైకులు మిద్దె మీద గాక యాడ కడతారు? మన అప్పకు చూపు లేదు గదా, వీధిలో నలుగురూ వచ్చి కూచొని ఇంటే ఆయనకు సందడిగా ఉంటాదని పెట్టిస్తాండావేమో అనుకుంటి."

అంత మంచి మనసుతో తప్పు చేసిన మనిషిని ఏమనాలి? చెయ్యి పట్టుకొని తప్పయిందని చెప్పి, టీ పెట్టి ఇచ్చాను. ఆదివారం పొద్దునే వచ్చి దగ్గరుండి పెడతానన్నాడు. ఈసారి మిద్దె అనే మాట వాడకుండా, చీపురు కట్టతో దూలం కింది చోటు తాకి మరీ చూపించాను.

ఆదివారం చెప్పినట్లే వచ్చాడు. మావి రాతిగోడలు, డ్రిల్లు రాయికి తగిలితే జారుతుంది. రాయికీ రాయికీ మధ్య సున్నం ఉన్నచోటు వెతికి బెజ్జాలు వేసి, చెక్కలు దిగ్గొట్టి, నాలుగు పెట్టెలనూ తలకిందులుగా బిగించాడు. తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటే నేను పెట్టెలన్నిటికీ సౌండు పంచే రిసీవరు మెనూలో, అవి కింద నుంచి పైకి కొట్టేవి కావు, ఎత్తున ఉన్నవి అని మార్చాను. వాన సీను పెట్టాను. నిజంగానే వాన దూలాల దగ్గర నుంచి దిగింది.

"యా అల్లా, బట్టలు తడుస్తాయేమో!" అన్నాడు వైండింగు అన్న. నాకైతే ఒళ్లు పులకరించింది. ఇద్దరం మా ఆయన వైపు తిరిగాం.

"బాగుండాది," అన్నాడు. కానీ ఈసారి ఆ మాట నోట్లోంచి సాఫీగా రాలేదు. తల కొంచెం పక్కకు వంచాడు. ఆ వంపు నాకు తెలుసు. గేటు దగ్గర బస్సు శబ్దం వినేటప్పుడు ఆ తల అలాగే వంగేది. వైండింగు అన్న ఏదో అనబోతే వేలు పెదాల మీద పెట్టి ఆపాను.

ఆయన తల ఇటు నుంచి అటు తిప్పుతూ నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా విన్నాడు.

"బాగ లేదు," అన్నాడు మా ఆయన. "వెనక ఎడం పక్కది ఒకటే సరిగ్గా మాట్లాడతాండాది. మిగతా మూడూ ముక్కు మూసుకొని మాట్లాడతాండాయి. మీకు ఇనపడ్లేదా?"

మాకు వినపడలేదు. మళ్లీ పెట్టి విన్నా వినపడలేదు. ఆయనకు విసుగొచ్చింది. ఆ విసుగు చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "ఆ ముక్కు మూసుకున్నదొకటి, బాగున్నదొకటి దించి నా ఒళ్లో పెట్టు" అన్నాడు. వైండింగు అన్న దించి ఇచ్చాడు. ఆయన వేళ్లు రెండు పెట్టెల మీదా మూల నుంచి మూలకు నడిచాయి. స్క్రూలు లెక్కబెట్టాడు, వైరు పెట్టే చోటు తడిమాడు. దాని కింద ఒకచోట గోరు ఆగింది.

"ఈడ ఏందో మీట ఉండాది. దీంట్లో కిందికుండాది, దాంట్లో పైకుండాది."

నల్ల పెట్టె మీద నల్ల మీట. బియ్యం గింజంత. కళ్లున్న ముగ్గురం వారం నుంచి ఆ పెట్టెలను అటూ ఇటూ మోశాం, ఒక్కరికీ కనపడలేదు. ఫోన్ లైటు వేసి, పక్కనున్న చీమ తలకాయలంత అక్షరాలు చదివాను. ఒక వైపు పైకి కొట్టేటప్పుడు, ఇంకో వైపు గోడకు ఎత్తున పెట్టినప్పుడు. బిగించేటప్పుడు వైండింగు అన్న వేలు తగిలి ఒకదాని మీట ఎవరికీ తెలియకుండానే మారిపోయింది. మిగతా మూడూ ఇంకా మా దూలాలను కొడుతున్నామనే భ్రమలో ఉన్నాయి.

"కప్పుకు తగిలి వచ్చేదానికని గొంతు మార్చి పెట్టినారు," అన్నాడు మా ఆయన. "ఇప్పుడు నేరుగా వస్తాంటే ఆ మార్పు ఎందుకు? తీసెయ్ దాన్ని." తమ్ముడికి ఫోన్ చేస్తే, "అవునక్కా, అది చెప్పడం మర్చిపోతి" అని నీళ్లు నమిలాడు.

మీటలు మార్చడంతో పని అయిపోయిందనుకున్నాం. అప్పుడే మొదలైంది. ముందు కుడిది జానెడు పక్కకు జరపాలన్నాడు. జరిపితే, అంత కాదు, బెత్తెడు వెనక్కి అన్నాడు. కింద చెక్క ముక్క పెట్టి ముఖం ఇంకొంచెం దించమన్నాడు. వైండింగు అన్న నిచ్చెన ఎక్కీ దిగీ చెమటలు కక్కాడు.

"ఏమప్పా, డిపోలో గూడా మనుషుల్ని ఇట్లనే సంపుతాంటివా?"

"నీది నయం. ఆడైతే తిడతాంటి గూడా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వంట చేస్తూ ఆ నవ్వు విన్నాను. ఆ పూట పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో నాకు గుర్తులేదు.

భోజనాలయి వైండింగు అన్న వెళ్లిపోయాక, మూడు గంటలకు కిటికీలు మూసి సినిమా పెట్టాను. నాకు చాలా ఇష్టమైనది, ఆయన ఎప్పుడూ చూడనిది. ఇల్లు వదిలి పోయిన మొగుడు ఇరవై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి భార్య తలుపు కొట్టే కథ. నేను ఒక్క మాట కూడా చెవిలో చెప్పలేదు. చేతులు ఒళ్లో కట్టుకొని కూర్చున్నాను. కథలో ఆమె మేడ మీద గదిలో అటూ ఇటూ నడుస్తుంటే, తెర మీద కింద హాలు తప్ప ఏమీ కనిపించని సమయంలో, మా ఆయన ముఖం పైకెత్తి, "పైన ఉండాది ఆమె. కిందికి దిగాల్నా వద్దా అని చూస్తాండాది" అన్నాడు. నేను ఊఁ కొట్టాను. రెండు గంటలకు పైగా కూర్చున్నాడు. లేవలేదు, నిద్రొస్తోందనలేదు.

సినిమా అయిపోయింది. ఎలా ఉందని అడగడానికి నాకు భయం వేసింది. అడిగితే ఏ మాట వస్తుందో అని. టీవీ ఆపి, కిటికీలు తీశాను.

"ఏం సినిమా మే ఇది?" అన్నాడు వెనక నుంచి. "ఇరవై ఏండ్లు ముఖం చూడనోడు వచ్చి రెండు ముక్కలు ఏడిస్తే తలుపు తీసేస్తాదా? ఏడుపుంటే సాలు నీకు. నీ ఎన్నిక ఎప్పుడూ ఇంతే."

"నా ఎన్నిక అంత మాత్రం కాబట్టే నిన్ను చేసుకుంటి."

"నువ్వు యాడ ఎన్నుకుంటివి? ఎన్నుకున్నెది మీ నాయన."

ఆ సినిమా ఎన్నిసార్లు చూసి ఎంత ఏడ్చానో నాకు తెలుసు. దాన్ని అట్లా చెత్తబుట్టలో వేస్తే ఊరుకుంటానా? ఆమె క్షమించి తలుపు తీయలేదు, ఇరవై ఏళ్లు కోపంగా ఉండీ ఉండీ అలసిపోయి తీసింది, అది వేరు ఇది వేరు అన్నాను. అదంతా నువ్వు కల్పించుకుంటున్నావన్నాడు. లేదు, ఉందన్నాను. యాడ ఉండాదో చూపించు అన్నాడు.

"ఆమె ముఖంలో ఉండాది! నువ్వు చూడ్లేదు గదా!"

అనేశాను. మూడేళ్లుగా ఆ మాట నా నోట రాకూడదని ఎన్ని వాక్యాలు మింగానో. చూశావా, చూడు, చూస్తే అనే మాటలన్నీ ఇంట్లోంచి ఏరేసుకుంటూ బతికాను.

ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"చూడకుంటే ఏమాయె? ఆమె గొంతులో లేదే అది! గొంతులో లేనిది ముఖంలోకి యాడి నుంచి వస్తాది? యాక్టింగు రాదు దానికి, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. నిజంగా, అరికాలి నుంచి నడినెత్తి దాకా. మూడేళ్లలో ఆయన మీద నాకు కోపం రావడం అదే మొదటిసారి. అన్నాళ్లూ జాలి తప్ప ఇంకేదీ రానివ్వలేదు నేను. విసురుగా పోయి టీవీ మళ్లీ పెట్టి, ఆమె తలుపు తీసే చోటికి సినిమాను వెనక్కి తిప్పాను.

"ఇను. సరిగ్గా ఇను ఈసారి," అన్నాను.

"ఇంటాలే, సౌండు పెంచు," అని ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.